కుంకుమ అంచు పురుగు

కాస్త ఇటు జరగండి. గోడవారన కూచున్నవాళ్లు కూడా రండి, చాప మీద చోటుంది. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు. పక్కింటివాళ్లు వింటారని కాదు. గొంతెత్తితే ఇందులో తప్పు చేసినామె సందు చూసుకుని తప్పించుకుపోతుంది. మెల్లగా చెబితేనే మన ముందర నిలబడుతుంది.

ముదిగుబ్బకు ఆరు మైళ్ల అవతల ఒక ఊళ్లో చివరి ఇల్లు హనుమక్కది. ఆ ఇల్లు దాటితే చేలు, చేలు దాటితే రాళ్లగుట్ట. ఇంటి ముందు పందిరి గుంజకు ఆమె కొడుకు రామాంజనేయులు ఎల్‌ఈడీ బల్బు కట్టాడు. పొద్దు గుంకగానే చేల మీద ఎగిరే పురుగు ఏదైనా ముందు వచ్చి తగిలేది ఆ బల్బుకే. అందుకని వేరుశనగ విత్తి, మొలక తేలి, మళ్లీ ఒక గట్టివాన పడిందంటే చాలు, సాయంత్రానికి ఊళ్లోవాళ్లు ఒకరొకరే ఆ పందిరి కిందికి చేరతారు.

ఎందుకో చెబుతాను. ఏడాదిగా భూమిలో పడుకున్నవి ఆ వానకు లేస్తాయి. తెల్లటి రెక్కల పురుగులు. అవి ఆకు ముట్టవు, పాపం. గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలోంచి దిగేవే ఎర్ర కంబళి పురుగులు. అవి చేనిలో పడ్డాయంటే మంద పడి మేసినట్టే, ఈనెలు తప్ప ఏమీ మిగలవు. రెక్కల పురుగు కనబడిన సాయంత్రమే గట్ల మీద మంటలు వేసి వాటిని కాల్చెయ్యాలి. వేస్తే ఊరంతా వెయ్యాలి, ఒకే పొద్దు వెయ్యాలి. ఒక్కరే వేస్తే ఊళ్లో ఉన్న పురుగంతా ఆ ఒక్క మంటకే పోతుంది. సగం మంటలో పడతాయి, మిగతా సగం ఆ పక్కనే ఆకుల మీద వాలి గుడ్లు పెడతాయి.

మంటలు వెయ్యాలా వద్దా అని చెప్పేది హనుమక్క. బడి గడప తొక్కని మనిషి. కానీ పురుగును చేతిలోకి తీసుకుని ఆమె "అదే" అంటే అదే, "కాదు" అంటే కాదు. అందరూ చీపురుతో కొట్టి చూస్తారు, ఆమె కొట్టదు. రెక్కలు కలిసే చోట రెండు వేళ్లతో పట్టుకుంటుంది, చిటికెడు ఉప్పు తీసుకున్నట్టు. పొడి రాలదు.

ఆ శుక్రవారం బల్బు కింద ఏడెనిమిది మంది ఉన్నారు. వాన బుధవారం పడింది. పదిహేను రోజులుగా గొర్రు వెనకాల నడిచి, విత్తనం వేసి, అందరి నడుములూ పట్టుకుపోయి ఉన్నాయి. మంటలంటే ఇంటింటి నుంచి కంది కట్టె, పిడకలు, పాత టైర్లు మోసుకుని గట్ల మీదికి పోవాలి. ఎవరి ఒళ్లూ అందుకు సిద్ధంగా లేదు.

"హనుమక్కా, జల్దీ చెప్పుమ్మా. కాదనే చెప్పు, పొయ్యి పండుకుంటాం," అన్నాడు నరసింహప్ప. ఊళ్లో పెద్ద మనిషి, నాలుగు మాటలు చెప్పగలవాడు. అందరూ నవ్వారు.

హనుమక్క బల్బు కింద గుంజ మీద వాలిన పురుగును పట్టుకుంది. తెల్లవే రెక్కలు. ఆ లావే, ఆ పొడవే. కానీ ముందు రెక్క అంచున గీత పసుపుగా లేదు. ఆమె ఎరిగిన పురుగుకు అక్కడ పసుపు రాసినట్టు ఉంటుంది. దీనికి కుంకుమ గీసినట్టు ఎర్రగా ఉంది. ఇన్నేళ్లలో ఇలాంటిది ఆమె చేతిలోకి రాలేదు.

గోటితో పైరెక్క పక్కకు జరిపింది. కింది రెక్క మీద నల్ల చుక్కలు. తాను ఎరిగిన చుక్కలే, ఎరిగిన చోటే. పైరెక్క మూసేసింది.

అప్పుడే సిద్దమ్మ వచ్చింది. ఒక చేతిలో స్టీలు గ్లాసు, దాని మీద మూతగా రెండో అరచెయ్యి. కన్నడం కలిసే మడకశిర తట్టు నుంచి వచ్చిన కోడలు, మొగుడు బయ్యన్న గొర్రెల మందతో పచ్చిక వెతుక్కుంటూ నెల కిందటే వెళ్లాడు. మూడెకరాల వేరుశనగ ఆమే విత్తింది. ఆమె చేనికీ హనుమక్క చేనికీ నడుమ ఒకటే గట్టు.

"అవ్వా, నాకూ ఒగటి దొరికినాది. ఎర్ర అంచుది. మా తట్టు ఇట్లాంటివీ వస్తాయి. ఇదీ కంబళి హుళదే. పసుపుదీ ఎరుపుదీ అక్కాచెల్లెండ్లు."

"హుళ అంట!" గుంపులో ఉన్న తిప్పయ్య తొడ చరుచుకున్నాడు. "రేయ్, హుళ వచ్చినాదంట, పురుగు కాదంట, పీటేసి కూచోబెట్టండ్రా!"

"నవ్వితే నవ్వన్నా, పండ్లేం రాలిపోవులే. రెక్క ఇప్పి లోపల చూడండి. నల్ల చుక్కలుంటాయి. ఉంటే ఈ పొద్దే మంటలెయ్యల్ల."

నవ్వు ఆగింది. అందరూ హనుమక్క చేతివైపు చూశారు. ఆమె పురుగును మళ్లీ ఎత్తింది. ఈసారి బల్బుకు వీపు పెట్టి, తన నీడ చేతి మీద పడేట్టు తిరిగి, పైరెక్కను రెండోసారి జరిపింది. చుక్కలు ఎక్కడికి పోతాయి? అక్కడే ఉన్నాయి.

ఇక్కడే నన్ను అడగండి, ఎందుకని. నాకూ సరిగ్గా తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లకు ఒక "కాదు" కావాలి. అది ఇవ్వడం సులువు. అదొకటి. నిన్న మొన్న కాపురానికి వచ్చిన పిల్ల, తాను ఎరగని పురుగును గ్లాసులో పెట్టుకొచ్చి పదిమందిలో పేరు చెప్పడం. అదొకటి. ఈ రెండింటిలో ఏది బరువో ఆమె ఆ క్షణాన తూచలేదు.

"చుక్కలేం ల్యావు," అంది హనుమక్క. "ఇది మన పురుగు కాదు. ఇది వేరే జాతి. చేనును ముట్టదు."

"అవ్వా, నన్నొక్కసారి చూడనీ..."

"నువ్వు చూసేదేమ్మే? ఇన్నేండ్లుగా నేను చూస్తాండేది పురుగులు కాదా, పేలాలా? నిన్న గాక మొన్న వచ్చినదానివి, నాకు పాఠం చెప్తాండావా?"

హనుమక్క కోడలు పుష్పావతి లోపలినుంచి ఫోన్ తెచ్చింది. "అత్తా, ఉండు, ఒక ఫొటో తీస్తా. వ్యవసాయం ఆఫీసు పాప కృపాకుమారి ఉండాది గదా, ఆ పాపకు పంపితే చెప్తాది."

హనుమక్క చెయ్యి మూసింది. తెరిచి, అరచేతిలోంచి పురుగును కింద రాల్చి, మడమతో రుద్దింది. మట్టిలో కాస్త తెల్ల పొడి మిగిలింది.

"ఫోన్‌కు తెలిసేటట్టుంటే, నా తావకు ఎందుకు వచ్చినారు మీరంతా?"

అందరూ లేచారు. సిద్దమ్మ గ్లాసు మీద చెయ్యి తీసింది. లోపలి పురుగు కాసేపు అంచు మీద కూచుని, బల్బు వైపు కాకుండా చేల చీకటిలోకి ఎగిరిపోయింది.

మర్నాడు పొద్దున సిద్దమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ కట్టెలు కదపలేదు. చివరికి హనుమక్క అరుగు దగ్గరకు వచ్చి నిలబడింది. హనుమక్క చాటలో కందిపప్పు చెరుగుతూ ఉంది.

"నువ్వొక్క మాటంటే చాలు అవ్వా. అందరూ లేస్తారు."

"చెప్పినా గదా నిన్న."

"అయితే నేనొక్కదాన్నే వేసుకుంటా."

"మొండిదానా! ఒక్కదానివే వెయ్యగాకు. ఊళ్లో పురుగంతా నీ చేనుకే వస్తాది."

సిద్దమ్మ వెళ్లబోతూ ఆగింది. "ఇది మన పురుగు కాదంటివి గదా అవ్వా. చేనును ముట్టదంటివి. మరి వస్తే ఏమి?"

చాట ఆగిపోయింది. పప్పు ఒక మూలకు జారింది. హనుమక్క రాయి ఏరుతున్నట్టు తల వంచుకుంది, కానీ ఆ మూలన రాళ్లు లేవు. ఆమె తలెత్తేసరికి సిద్దమ్మ లేదు.

ఆ సాయంత్రం సిద్దమ్మ చేని గట్టు మీద ఒకే ఒక మంట లేచింది. ఆమె ఇంటి కంది కట్టె, పిడకలు, ఒక పాత సైకిల్ టైరు. అరుగుల మీద కూచున్నవాళ్లు చూసి ఏదో అని నవ్వుకున్నారు. హనుమక్క పందిరి కింద కూచుని ఉంది. ఆమె ఇంటి మీదుగా, కొట్టం మీదుగా, తెల్లటివి ఒకటీ ఒకటీ ఆ మంటవైపు పోతున్నాయి. తొందర లేకుండా, సంతకు పోయినట్టు.

పుష్పావతి నీళ్ల చెంబు పెట్టి బల్బువైపు చూసింది. "అత్తా, చూసినావా, ఈ పొద్దు మన బల్బుకు ఒక్కటీ రాల్యా."

"రాకుంటే మంచిదే గదా, పోయి అన్నం పెట్టు," అంది హనుమక్క. అన్నం పెట్టాక తినలేదు. కడుపు నొప్పి అంది. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

గురువారానికి గుడ్లలోంచి పురుగు పిల్లలు దిగాయి. సిద్దమ్మ చేని గట్టున, జిల్లేడు ఆకుల కింద, అలసంద సాలులో, తర్వాత వేరుశనగ ఆకుల కింద. నరసింహప్ప గొంతుక్కూచుని ఒక ఆకు తిప్పితే రాగిపిండి చల్లినట్టు వందల కొద్దీ సన్నటి పురుగులు. గీకిన ఆకు జల్లెడలా వెలుగు చూపించింది.

"మంటేసి పిలుచుకున్నావు గదమ్మా," అన్నాడు నరసింహప్ప.

"పిలిస్తే వచ్చేదానికి ఇదేమన్నా పెండ్లా మామా? మీరంతా వేసింటే ఆ పొద్దే కాలి చచ్చిండేవి."

"హనుమక్క కాదన్న్యాక గూడా వేసినావు."

"కాదంటే, మరి ఇవి యాటివి? కోడిపిల్లలా?"

ఎవరో నవ్వబోయి మానేశారు. గట్టు మీద ఉన్న పదిమందీ ఒకేసారి హనుమక్క వైపు తిరిగారు. రామాంజనేయులు కూడా తిరిగాడు. అక్కడ ఆమెకు ఇంకో దారి ఉండింది. తలుపు తీసే ఉంది, ఒక్క అడుగు వేస్తే చాలు.

"ఆ పొద్దు నా చేతిలో ఉండేది వేరే," అంది హనుమక్క. "మర్నాడు మంటకు వచ్చినవి వేరే."

అంతే. ఆ ఒక్క మాటతో నరసింహప్ప మొహం తేటపడింది. నేల మీద కట్టెతో గీత గీశాడు. సిద్దమ్మ చేను చుట్టూ మోకాటి లోతు కాలువ తవ్వాలి. బయటి గోడ నిట్టనిలువుగా చెక్కాలి, పురుగు ఎక్కకుండా. కాలువలో జిల్లేడు కొమ్మలు వెయ్యాలి. ఎండకు పురుగు ఆ కొమ్మల కిందికి చేరితే అక్కడే చంపాలి. ఒక్క పురుగు కూడా బయటికి దాటకూడదు.

"దాటకుంటే లోపల నా శెనిక్కాయ ఏం గావల్ల?" అంది సిద్దమ్మ.

రామాంజనేయులు పార భుజం మార్చుకున్నాడు. "ఊరు బతకల్ల గదా అక్కా," అన్నాడు, నేల చూస్తూ. మంచివాడే. మంచివాడు కాబట్టే నేల చూశాడు.

ఆ మధ్యాహ్నం కాలువ మొదటి పక్క తవ్వుతుంటే హనుమక్క తమ చేనిలోకి పోయింది. పని ఉండి కాదు. పారల చప్పుడు వినలేక. వేరుశనగ సాళ్ల నడుమ అక్కడక్కడా అలసంద సాలు. ఒక మొక్క దగ్గర కూచుని, ఎందుకో చేతికి అందిన ఆకు తిప్పింది.

ఉన్నాయి.

సిద్దమ్మ చేనిలో చూసినంత సన్నవి కావు. వీటికి ఒంటి మీద బొచ్చు లేచింది. రంగు ముదిరింది. ఆకుకు అంటుకుని వడ్లపొట్టులాంటివి కనబడ్డాయి. వేలితో తీసి వెలుగులో పెట్టి చూసింది. విడిచిన చర్మాలు. ఒకసారి కుబుసం విడిచిన పురుగులు ఇవి. అంటే సిద్దమ్మ మంట వేసేదానికి ముందే వీటి గుడ్లు పడ్డాయి. ముందటి గురువారమో, లేకుంటే శుక్రవారం ఆమె బల్బు కింద కాదంటున్న సాయంత్రమో. సిద్దమ్మ ఏ పురుగునూ పిలవలేదు. అవి అప్పటికే వచ్చి ఉన్నాయి, ముందుగా వచ్చింది హనుమక్క చేనికే.

ఆమె లేచి చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఇంటికి పోయి పాత నూనె డబ్బాలో నీళ్లు పోసి, కాస్త కిరోసిన్ కలిపి, పైన గడ్డి కప్పి తెచ్చింది.

ఆ మధ్యాహ్నం, శుక్రవారం, శనివారం ఆమె అదే పని చేసింది. సాలు వెంబడి గొంతుక్కూచుని జరుగుతూ, ఒక్కో ఆకూ తిప్పి, పురుగులున్న ఆకును తుంచి డబ్బాలో పడేసింది. గుడ్ల ముద్ద ఉంటే గోటితో గీకింది. కుబుసాలున్న ఆకు కూడా వదల్లేదు. డబ్బా నిండితే పెంటదిబ్బలో గుంట తీసి పూడ్చింది. డెబ్బై ఏళ్ల మోకాళ్లు. అంత ఓపిక ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. అప్పుడు కొడుకు చేను కాపాడుతున్నానని అనుకుంది. ఏం కాపాడుతోందో తర్వాత తెలిసింది.

గట్టు అవతల సిద్దమ్మ కూడా అదే పనిలో ఉంది. ఆమె డబ్బాకు గడ్డి కప్పలేదు. ఇద్దరూ ఒకేలా వంగి, ఒకే ఎండలో, నడుమ ఒక గట్టు పెట్టుకుని. ఒకసారి సిద్దమ్మ నడుము పట్టుకుని లేచి నిలబడింది.

"అవ్వా! మీ దాంట్లో ఏమన్నా కనబడినాయా?"

"ల్యావమ్మా," అంది హనుమక్క. "గడ్డి తీస్తాండా."

"పోనీలే. మీదన్నా బతికితే మంచిదే," అంది సిద్దమ్మ, మళ్లీ వంగింది.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని హనుమక్క చాలాసేపు వెతికింది. దొరకలేదు. ఎత్తిపొడుపు ఉంటే ఎంత బాగుండేది.

శనివారం పొద్దు గుంకే వేళకు ఆమె వేళ్లు వాచాయి. పురుగు బొచ్చు తగిలి మణికట్టు దాకా దద్దుర్లు లేచాయి. పుష్పావతి అన్నం తట్ట పెడుతూ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏం పట్టుకున్నావత్తా?"

"దురదగొండి తగిలినాది."

"మన చేన్లో దురదగొండి యాడుండాదత్తా?"

పుష్పావతి మళ్లీ అడగలేదు. గిన్నెలో ఆముదం తెచ్చి, ఒక్కొక్క వేలికీ రాసింది. రాస్తున్నంతసేపూ అత్త మొహం చూడకుండా వేళ్లనే చూసింది.

బయట రామాంజనేయులు పారకు అంటిన మట్టి గీకుతున్నాడు. కాలువ మూడు పక్కలా అయిందని, తమ చేని పక్కది ఒక్కటే మిగిలిందని, రేపు పొద్దున దాన్నీ తవ్వితే అయిపోతుందని చెప్పాడు. "ఇంగ మనకు దిగుల్యాదమ్మా," అన్నాడు.

ఆదివారం ఎండ ఇంకా ఎక్కకముందే హనుమక్క గట్టు మీదికి వచ్చింది. నాలుగో పక్క కాలువ సగం దాకా వచ్చింది. తిప్పయ్య జిల్లేడు కొమ్మలు పరుస్తున్నాడు. సిద్దమ్మ తన చేని లోపల నిలబడి, తన చుట్టూ మూసుకొస్తున్న ఆ కాలువను చూస్తూ ఉంది. ఆకులు సగం ఈనెలయ్యాయి. ఆమె డబ్బా పక్కన పెట్టుకుని ఉంది గానీ ఆ పొద్దు ఏరడం లేదు.

"ఆపండి," అంది హనుమక్క. "రామాంజీ, పార ఆపు నాయనా."

ఆగారు.

"పురుగులు ముందు పడినాది మన చేన్లో. ఈయమ్మి మంట వెయ్యకముందే పడినాయి. కుబుసం ఇడిసిన పురుగులు, నా కండ్లతో చూసినా. మూడు పొద్దులుగా ఎవురికీ చెప్పకుండా ఏరి పూడ్చినా. ఆ శుక్రారం నా చేతిలో ఉన్నదీ అదే పురుగు. చుక్కలుండాయి. చూసి గూడా ల్యావని చెప్పినా."

నరసింహప్ప ముందుగా కదిలాడు. గట్టు దాటి హనుమక్క చేనిలోకి దిగి, అలసంద సాలులో ఆకులు తిప్పాడు. పది ఆకులు, ఇరవై ఆకులు. వెనకాల తిప్పయ్య ఇంకో సాలు చూశాడు. ఒక్క పురుగు లేదు, ఒక్క కుబుసం లేదు. అంత శుభ్రంగా ఏరింది ఆమె.

నరసింహప్ప తిరిగి వచ్చి, ఆమె ముందు నిలబడి, తలపాగా సర్దుకున్నాడు. గొంతు మెత్తబడింది.

"చూడండ్రా. పెద్దోళ్లంటే ఇట్లుండల్ల. ఆడబిడ్డ అవస్థ చూడల్యాక నింద తన నెత్తిన ఏసుకుంటాండాది. యాడన్నా చూసినారా ఇట్లాంటి మనిషిని?"

"నేను అబద్ధం చెప్పినా నరసింహప్పా!"

"చెప్తాండావులేమ్మా, చెప్తాండావు. మాకు అర్థం కాదా?"

పుష్పావతి పరుగున వచ్చి అత్త చెయ్యి ఎత్తి పట్టుకుంది. "నిజమే మామా! వేళ్లు చూడండి. పురుగు బొచ్చు తగిలిన దద్దుర్లు ఇవి."

"అంటే సిద్దమ్మకు ఏరియ్యను గూడా పోయినాదా!" తిప్పయ్య నోరు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఈ వయసులో! నీ మనసు బంగారం అవ్వా."

రామాంజనేయులు కళ్లు తుడుచుకుంటున్నాడు. తల్లిని చూసి గర్వం. హనుమక్క కొడుకును చూసింది. ఆమె ఎన్నడూ ఎవరి చేతా అన్ని మంచి మాటలు అనిపించుకోలేదు. ఒక్కొక్క మాటా ఒంటి మీద పురుగులా పాకింది. ఆమె అబద్ధాన్ని అందరూ నమ్మారు. నిజం చెబితే ముద్దు చేస్తున్నారు.

"నేను నమ్ముతాండా అవ్వా," అంది సిద్దమ్మ, కాలువ అవతలినుంచి.

అందరూ అటు చూశారు. ఆమె గొంతులో జాలి లేదు, కోపం కూడా లేదు.

"ఆ పొద్దే నాకు తెలుసు. నువ్వు రెండోసారి రెక్క జరిపినావు, బల్బుకు వీపు పెట్టి. చుక్కల్యాకుంటే నీడ చేసుకోని చూసే పనేముండాది? ఉన్నాయని తెలిసే కాదన్నావు."

"తెలిసి గూడా... ఆ పొద్దే అనకపోతివే నన్ను? పదిమంది ముందర అనింటే..."

"అంటే ఎవురింటారు?" సిద్దమ్మ చుట్టూ ఉన్నవాళ్లను ఒకసారి చూసింది. "ఈ పొద్దు నువ్వు చెప్తేనే ఇనల్యా. నేను చెప్తే ఇంటారా?"

నరసింహప్ప దగ్గాడు. "సరే, సరే. ఎండెక్కుతాండాది. రామాంజీ, కానీ నాయనా."

పార మళ్లీ లేచింది. హనుమక్క కొడుకు పక్కకు పోయి ఆ పార పిడి పట్టుకుంది. అతను వదిలాడు, అలవాటుగా, తల్లి అడిగితే ఏదైనా వదిలినట్టు. ఆమె ఆ పార తీసుకుని కాలువలోకి దిగింది. అతను పోసిన మట్టికుప్పను కాలువలోకే లాగింది. ఒక పార. ఇంకో పార. జిల్లేడు కొమ్మలు తీసి గట్టు మీదికి విసిరింది. తవ్వినంత మేరా పూడ్చుకుంటూ పోయింది.

"అమ్మా! ఏం చేస్తాండావు? పురుగంతా మన చేన్లోకి వస్తాది!"

"రానీ. అది మన దాంట్లోనే పుట్టింది ముందు." ఆమె రొప్పుతోంది. "కాలువ తవ్వల్లంటే మన చేనుకు అవతలి పక్క తవ్వుకోండి. రెండు చేన్లూ లోపలుండల్ల. నా మాట నమ్మకపోతిరి గదా. ఇదన్నా నమ్మండి."

నరసింహప్ప "ముసలామెకు ఎండ తగిలినట్టుంది" అని తుపుక్కున ఉమ్మి, కండువా భుజాన వేసుకుని పోయాడు. తిప్పయ్య వెంట పోయాడు. మిగిలినవాళ్లూ ఒకరొకరే కదిలారు. రామాంజనేయులు గట్టు మీద కూలబడ్డాడు. తల్లి పార వేసినప్పుడల్లా అతని భుజాలు అదిరాయి. ముందు లేచింది పుష్పావతి. కొంగు నడుముకు దోపి, ఇంటినుంచి ఇంకో పార తెచ్చి, తమ చేని అవతలి అంచుకు పోయి గీత గీయడం మొదలుపెట్టింది. చాలాసేపటికి రామాంజనేయులు లేచి, తల్లివైపు చూడకుండా, భార్య గీసిన గీత మీదికి పోయాడు.

హనుమక్క చివరి పార మట్టి వేసి, కాలుతో తొక్కి, సిద్దమ్మ చేనిలోకి నడిచింది. సిద్దమ్మ ఆమెను చూసింది. కూచోమనలేదు, పొమ్మనలేదు.

"నీ చేనూ పోతే నా చేను వస్తాదా అవ్వా?"

"రాదు."

"మరి?"

హనుమక్క అక్కడే సాలు పక్కన గొంతుక్కూచుంది. సిద్దమ్మ డబ్బా ఇద్దరి నడుమకు జరిపింది. "ఆ సాలు నువ్వు చూడు. ఆకు కింద చూడు, పైన కాదు."

ఆ ఏడు రెండు చేలలో కలిపి సగం పంట కూడా రాలేదు. వారం తర్వాత నరసింహప్ప చేనిలోనూ పురుగులు కనబడ్డాయి. వాటిని ఎవరు పిలిచారని ఎవరూ అడగలేదు. సిద్దమ్మ హనుమక్కను క్షమించానని ఎప్పుడూ అనలేదు. హనుమక్క అడగనూ లేదు. ఊళ్లో మాత్రం ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు, ఒక పుణ్యాత్మురాలు పక్క చేని కోసం తన చేను ఇచ్చేసిందని, ఆమె మనసు అంత పెద్దదని.

అందుకే మిమ్మల్ని దగ్గరికి పిలిచి చెప్పాను. మీ పిల్లలకు చెప్పండి, బస్సులో పక్కన కూచున్నవాళ్లకు చెప్పండి, వేరుశనగ కాయలు ఒలిచేచోట చెప్పండి. ఎవరికి చెప్పినా ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. హనుమక్కను మంచిదాన్ని చెయ్యొద్దు. ఆ పని ఊరు ఒకసారి చేసింది, ఆమె దానికింద నలిగింది చాలు. ఆమె చుక్కలు చూసిందని చెప్పండి. చూసి, లేవందని చెప్పండి. సిద్దమ్మ చెప్పిందే నిజమని, ఆ మాట ముందు చెప్పి, మిగతాది తర్వాత చెప్పండి.